ఉత్తుత్తి పిలుపులు

"లిఫ్టుకి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?" అన్నాడు సూపరింటెండెంటు.

అది ఆసుపత్రిలో ఆయన గది. బల్లకి ఇవతల నిలబడ్డ ఆయా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి మార్చుకుంటోంది. ఆమె పక్కన హెడ్ నర్సు. గోడవారగా కుర్చీలో, ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని, లిఫ్టుల కంపెనీ పంపిన ఇంజనీరు. పాతికేళ్ళ అమ్మాయి. ఆసుపత్రిలో రెండు పెద్ద లిఫ్టులకీ కొత్త సాఫ్ట్‌వేరు పెట్టి నెల కావస్తోంది. ఏ అంతస్తుకి ఏ వేళ రద్దీ ఎక్కువో తనే గమనించుకుని, తనే మారే సాఫ్ట్‌వేరు. అది సరిగ్గా మారుతోందో లేదో చూసి, అప్పగించి రమ్మని ఆమెని పంపారు. ఈ గదికి ఎందుకు పిలిచారో మాత్రం లోపలికొచ్చేదాకా ఆమెకి తెలియదు.

"చూడమ్మా," సూపరింటెండెంటు ఆయా వైపు తిరిగాడు. "నిన్న ఆ పెద్దాయన్ని ఆపరేషనుకి దింపమన్నారు. నువ్వు దింపేసరికి డాక్టరు ఇంకో కేసు మొదలుపెట్టేశాడు. మత్తిచ్చిన మనిషిని మళ్ళీ వార్డుకి తోలుకెళ్ళాల్సొచ్చింది. ఏమంటే లిఫ్టు రాలేదంటావు. ఇదిగో, ఈ అమ్మాయి దగ్గర లెక్క ఉంది. చదవమ్మా."

ఇంజనీరు తెర మీద వేలితో జరిపి చూసింది. "వీళ్ళ నాలుగో అంతస్తుకి... రావడానికి సగటున పదకొండు సెకన్లండీ."

"ఎవరికి పదకొండు? నాకా?" ఆయా గొంతు లేచింది. "అంటే ఆ ముసలాయన్ని బండి మీదేసుకుని షికారు తిప్పాననా? బటన్ నొక్కి నొక్కి, ఇక లాభం లేదని ర్యాంపు మీంచి దింపానండీ. బండి ముందుకి లాగేస్తుంటే వెనక్కి పట్టుకుని పట్టుకుని భుజాలు ఊడొచ్చాయి. కావాలంటే ఆయన్నే అడగండి."

"అడిగాం," అంది హెడ్ నర్సు నెమ్మదిగా. "నిద్రలో ఉన్నానన్నాడు."

"అన్ని అంతస్తులకీ వచ్చే లిఫ్టు నీకొక్కదానికే రాదా?"

"అదే నేనూ అడుగుతున్నానండీ!"

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎల్లుండి నీ కాంట్రాక్టరు వస్తున్నాడు. వేరే మనిషిని పంపమని చెప్పేస్తాను. అందాకా పేషెంట్లని ముట్టుకోకు. దుప్పట్ల గదిలో పని చూసుకో."

ఆయా ఇంకేదో అనబోయి, హెడ్ నర్సు మోచెయ్యి తగిలి ఊరుకుంది. బయటికి వెళ్తూ ఇంజనీరు కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తిడుతుందేమోనని ఇంజనీరు తల దించుకుంది. ఆయా తిట్టలేదు. టాబ్లెట్ వైపు మాత్రం, పక్కింటివాళ్ళ కుక్కని చూసినట్టు చూసి వెళ్ళిపోయింది.

వరండాలోకి రాగానే ఫోను మోగింది. మేనేజరు.

"మ్యూటూ! లెక్క చదివావటగా! సూపరింటెండెంటు ఇప్పుడే చెప్పాడు. మహా సంతోషంగా ఉన్నాడు." మీటింగుల్లో ఎప్పుడూ మైకు ఆపుకునే కూర్చుంటుందని ఆఫీసులో ఆమెకి ఆ పేరు పెట్టింది ఆయనే. "విచారణలో సాక్ష్యంగా మన లిఫ్టు రికార్డు! ఇంతకంటే ఏం కావాలి? ప్రెజెంటేషన్లో పెట్టాలి ఇది."

"సార్, ఆవిడ ఉద్యోగం పోతుంది సార్."

"ఎవరిది?"

"ఆయాది."

"అది వాళ్ళ గొడవ. ఎల్లుండి అప్పగింత. నేనూ వస్తున్నా. అందాకా ఏదీ కెలక్కు."

కెలక్కపోతే ఏం చెయ్యాలో ఆమెకి తోచలేదు. చూడ్డం ఒక్కటే మిగిలింది. చూడ్డం ఆమెకి అలవాటే. నాలుగో అంతస్తుకి వెళ్ళి, లిఫ్టులకి ఎదురుగా, చక్రం విరిగి పక్కన పడేసిన కుర్చీలో కూర్చుంది.

మొదట ఏమీ తెలియలేదు. మనుషులు వచ్చిపోతున్నారు. మందుల ట్రే పట్టుకున్న నర్సు ఒకతె లిఫ్టు ముందు నుంచి వెళ్తూ మోచేత్తో బటన్ నొక్కి, ఆగకుండా అవతలి వార్డులోకి వెళ్ళిపోయింది. నేల తుడిచే మనిషి కర్ర చివరతో నొక్కి, తుడుచుకుంటూ మలుపు తిరిగాడు. రక్తం సీసాలు తీసుకెళ్ళే కుర్రాడు నొక్కాడు, మెట్ల మీంచి దూకుతూ పోయాడు. ఎవరూ ఎక్కలేదు. చాలాసేపటికి లిఫ్టు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు, బయటా ఎవరూ లేరు. మూసుకుని వెళ్ళిపోయింది.

మందుల నర్సు తిరిగొస్తూ మళ్ళీ నొక్కింది.

"మీరు ఎక్కట్లేదు కదా?" అడిగింది ఇంజనీరు.

"నేనెందుకెక్కుతాను? నాకిక్కడే డ్యూటీ."

"మరి నొక్కారు?"

నర్సు ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోయినట్టు చూసింది. "వెనకాల ఎవరన్నా బండి తోసుకొస్తారుగా. వాళ్ళ రెండు చేతులూ బండి మీదుంటాయి. వచ్చేసరికి లిఫ్టు ఉంటుందని."

"అందరూ ఇలాగే నొక్కుతారా?"

"ఈ ఆసుపత్రిలో చేరిన రోజే నేర్పుతారు. ఇంజెక్షను కంటే ముందు. ఈమధ్య ఎంత నొక్కినా రావట్లేదనుకో. అందుకే ఇంకో రెండుసార్లు ఎక్కువ నొక్కుతున్నాం."

ఇంజనీరు కుర్చీలోంచి లేచింది.

ఆ నిబంధన రాసింది తనే.

కిందటేడు ఒక షాపింగ్ మాల్లో పిల్లలు లిఫ్టు బటన్లతో ఆడుకునేవాళ్ళు. లిఫ్టు వెళ్ళేది, ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అప్పుడామె ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. బటన్ నొక్కాక లిఫ్టు వెళ్ళి నిలిచినప్పుడు లోపల బరువు పెరగకపోతే, అది ఉత్తుత్తి పిలుపు. ఉత్తుత్తి పిలుపులు ఎక్కువైన అంతస్తు మీద సాఫ్ట్‌వేరుకి నమ్మకం తగ్గుతుంది. ఆ అంతస్తుకి వేరే పనేదీ లేనప్పుడే వెళ్తుంది. తొందరగా నేర్చుకోవాలని చివరి కొద్ది పిలుపులనే లెక్కలోకి తీసుకునేలా చేసింది. మేనేజరు ఆ రోజు ఆఫీసులో అందరిముందూ ఆమె భుజం తట్టాడు. ఇంటికెళ్ళి పిన్నికి కూడా చెప్పుకుంది.

ఇక్కడ నర్సులు వెనక వచ్చేవాళ్ళ కోసం నొక్కుతున్నారు. వెనక వచ్చేవాళ్ళు ఏ క్షణానికి వస్తారో ఎవరికి తెలుసు? లిఫ్టు వచ్చి చూస్తుంది, ఎవరూ ఉండరు. ఈ అంతస్తువాళ్ళు ఆడుకుంటున్నారనుకుంటుంది. ఆలస్యంగా రావడం మొదలుపెడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆగలేనివాళ్ళు ర్యాంపు పడతారు. అదీ ఉత్తుత్తి పిలుపే అవుతుంది. ఇక పదకొండు సెకన్ల సంగతి. ఎక్కినవాళ్ళు ఎంతసేపు ఆగారన్నదే లెక్కకి వస్తుంది. లిఫ్టులు ఖాళీగా ఉండే మధ్యాహ్నం పూట ఎక్కినవాళ్ళ పదకొండు అది. ఆగి ఆగి వెళ్ళిపోయినవాళ్ళు అసలు ఆగనట్టే.

మేనేజరుకి ఫోను చేసి ఇదంతా చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. ఆయన మధ్యలో రెండుసార్లు వేరే ఫోను మాట్లాడొచ్చాడు.

"అయితే ఇప్పుడేమంటావ్?"

"నిబంధన తప్పు సార్, ఇక్కడ."

"తప్పు కాదు. నేర్చుకుంటోంది. నేర్చుకునేటప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతుంది."

"నేర్చుకోవడం అయిపోయింది సార్. తప్పు నేర్చుకుంది. ఈ అంతస్తు వరకూ తీసేస్తాను, చిన్న పని."

"అమ్మా తల్లీ," మేనేజరు గొంతు తగ్గించాడు. "ఈ వారమంతా మనుషులెవరూ వేలు పెట్టలేదని రికార్డు చూపించాలి. తనంతట తానే సర్దుకుంటుందని చెప్పి అమ్మాం. నువ్వెళ్ళి సర్దితే ఇంకేం తనంతట తాను? నువ్వు ముట్టుకుంటే రికార్డులో పడుతుంది, తెలుసుగా? ఆ ఏర్పాటు కూడా నువ్వే చేశావు."

"మరి ఆయా?"

"మీటింగులో ఎప్పుడూ నోరెత్తవు. ఇప్పుడు ఆయా ఆయా అంటావేంటి?"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆమె ఉండేది పిన్ని ఇంట్లో. పిన్ని ఆరేసిన బట్టలు తీసుకొస్తూ చూసి, "ఏమయిందే? మొహం అలా వాడిపోయింది?" అంది. ఇంజనీరు జరిగింది చెప్పింది. పిన్ని బట్టలు మడతపెడుతూ విని, సగంలోనే అందుకుంది.

"మీ బాబాయిలాంటి లిఫ్టన్నమాట. ఊరికే పిలిచానని ఒకసారి, ఏం లేదులే అన్నానని ఒకసారి, చివరికి పిలిచినా పలకడం మానేశాడు. మొన్న వంటింట్లో జారిపడి అరిస్తే ఏమన్నాడో తెలుసా?"

"వస్తున్నా అన్నానుగా," అన్నాడు బాబాయి లోపలి గదిలోంచి.

"వచ్చేసరికి నేనే లేచి నడుముకి మందు కూడా రాసుకున్నా."

ఇంజనీరుకి నవ్వు రాలేదు. "బాబాయికి చెప్తే వింటాడు పిన్నీ. దానికి చెప్పడానికి నన్ను ముట్టుకోనివ్వట్లేదు."

"మీ బాబాయి వింటాడని నీకెవరు చెప్పారే?"

మర్నాడు పొద్దున్నే ఆమె హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళింది. సాఫ్ట్‌వేరుని ముట్టుకోకూడదు, సరే. లెక్క తియ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తను స్వయంగా నొక్కి, ఎంతసేపటికి వస్తుందో గడియారం పెట్టి చూసి, ప్రతిసారీ ఎక్కి దిగి, ఆ లెక్కని పదకొండు సెకన్ల పక్కన పెడుతుంది. మధ్యలో వేరేవాళ్ళు నొక్కితే లెక్క కలగాపులగమవుతుంది. కాబట్టి ఎక్కనివాళ్ళెవరూ బటన్ ముట్టుకోకూడదు.

హెడ్ నర్సు వార్డు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. "అందరూ వినండి. లిఫ్టు ఎక్కేవాళ్ళు తప్ప ఇంకెవరూ బటన్ నొక్కొద్దు. స్ట్రెచరక్క ఉద్యోగం సంగతి. నేను చెప్పేదాకా ఇంతే."

ఆయాని వార్డంతా స్ట్రెచరక్క అనే అంటారు. ఆ పేరు వినగానే అందరూ తలలూపారు. మందుల నర్సు మోచెయ్యి అలవాటు కొద్దీ బటన్ వైపు వెళ్తే, వెనకున్న అమ్మాయి ఆ మోచేతి మీద చరిచింది. నేల తుడిచేవాడు కర్రని తిరగేసి పట్టుకున్నాడు.

ఇంజనీరు పొద్దుటి పూటంతా నొక్కింది, ఆగింది, ఎక్కింది, దిగింది, మెట్ల మీద పైకొచ్చింది, మళ్ళీ నొక్కింది. మొదటిసారి ఆగి ఆగి గోడకి ఆనుకుంది. రెండోసారి అక్కడే నేల మీద కూర్చుంది. ఒక రోగి తాలూకు పెద్దావిడ జాలిపడి అరటిపండు ఇచ్చింది. నాలుగైదు లెక్కలు చేతికొచ్చేసరికి ఆమెకి ధైర్యమొచ్చింది. పదకొండు సెకన్లెక్కడ, ఇవెక్కడ! ఇంక చాలనుకుని, రిపోర్టు రాసుకోవడానికి ప్రశాంతంగా ఉండే చోటు వెతుక్కుంటూ దుప్పట్ల గదికి వెళ్ళింది.

ఆయా ఒంటరిగా దుప్పట్లు మడుస్తోంది. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు చాచి, అంచుకి అంచు కలిపి, మోకాలి మీద చదును చేసి దొంతర మీద వేస్తోంది.

"ఏంటి లిఫ్టమ్మాయ్, ఇంకో సాక్ష్యం కావాలా?"

"కాదక్కా. ఇక్కడ కూర్చుని రాసుకోవచ్చా?"

"కూర్చో. ఇక్కడ నా మాట వినేవాళ్ళెవరూ లేరు, దుప్పట్లు తప్ప."

ఇంజనీరు ఒక కొస అందుకుంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగారు. మడుస్తూనే, తనకి తెలిసిందంతా చెప్పింది. నిబంధన రాసింది తనేనని కూడా చెప్పింది. ఆయా మడత ఆపింది.

"నువ్వా?"

"నేనే అక్కా."

"నేనేమనుకున్నానో తెలుసా? ఆ లిఫ్టుకి నేనంటే పడదనుకున్నా. ఒకసారి విసుగొచ్చి తలుపుని కాలితో తన్నానులే. అది మనసులో పెట్టుకుందనుకున్నా."

"అట్లాంటివి పెట్టుకోదక్కా."

"ఏమో మరి! అన్నీ గుర్తుపెట్టుకుంటుందని మీరేగా చెప్పారు." ఆయా దుప్పటి దొంతర మీద వేసి, కాసేపు దాన్నే నిమిరింది. "రేపు చెప్తావా ఇదంతా? ఆయన ముందు?"

"చెప్తాను."

"నోట్లోంచి మాట బయటికి వచ్చేలాగే చెప్తావా? నిన్నటిలా గొణిగితే నా పని అయిపోయినట్టే. ఆ కాంట్రాక్టరు ఇంకో ఆసుపత్రికి పంపేరకం కాదు. ఇంటికే పంపుతాడు."

మూడో రోజు సూపరింటెండెంటు గదిలో మేనేజరు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు తన లెక్కలు బల్ల మీద పెట్టింది. ఈసారి గొణగలేదు. ఆమె చెప్తున్నంతసేపూ మేనేజరు కాలు బల్ల కింద ఊగుతూనే ఉంది.

"సార్, మా అమ్మాయి చాలా శ్రద్ధగా పనిచేస్తుంది," అన్నాడు చివరికి. "అయితే ఇవి చేత్తో తీసిన లెక్కలు. సిస్టం లెక్క సిస్టం లెక్కే."

సూపరింటెండెంటు రెండు లెక్కలూ చూసి, తల గోక్కున్నాడు. "ఈ వాదన నాకెందుకయ్యా? నాలుగో అంతస్తులోనేగా గొడవ? పదండి, చూద్దాం. నాకు పది నిమిషాల్లో కింద ఆపరేషనుంది."

అందరూ నాలుగో అంతస్తుకి నడిచారు. హెడ్ నర్సు వచ్చింది. ఆయా దుప్పట్ల గది గుమ్మంలో నిలబడింది. సూపరింటెండెంటు స్వయంగా వెళ్ళి బటన్ నొక్కాడు.

లిఫ్టు వచ్చేసింది. ఆయన చెయ్యి ఇంకా పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. తలుపులు తెరుచుకుని, మర్యాదగా, వెలుగుతూ నిలబడింది.

ఇంజనీరు మొహంలోకి ఒక్కసారి రక్తం పొంగింది. ఎవరూ ఉత్తుత్తిగా నొక్కొద్దని తనే చెప్పింది. నిన్న పొద్దుటి పూటంతా ప్రతి పిలుపుకీ తనే ఎక్కింది. చెప్పిన మాట ప్రకారం వార్డు మొత్తం నిన్నంతా, రాత్రంతా, ఇవాళ పొద్దునా కట్టుబడి ఉంది. ఈ అంతస్తువాళ్ళు మారిపోయారనుకుంది లిఫ్టు. తనూ మారిపోయింది. జబ్బు ఉందని చూపించడానికి పరీక్ష పెట్టి, ఆ పరీక్షతోనే నయం చేసేసింది తను.

"అద్భుతం!" అన్నాడు మేనేజరు.

సూపరింటెండెంటు ఆయా వైపు చూశాడు. ఆయా గుమ్మం పట్టుకుని లిఫ్టు వైపు చూస్తూ, "ఇప్పుడొచ్చావా! ఇప్పుడా రావడం!" అంది, ఏళ్ళతరబడి ఎదురుచూసేలా చేసిన మొగుణ్ణి అన్నట్టు.

"సరే, నేనిలాగే దిగిపోతాను," అంటూ సూపరింటెండెంటు లిఫ్టు వైపు అడుగు వేశాడు.

"ఎక్కొద్దండీ!"

ఆ గొంతు తనదేనని ఇంజనీరుకి కూడా ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. మేనేజరు నోరు తెరిచాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

"ఇప్పుడు మళ్ళీ నొక్కండి. ఎక్కకండి."

"ఏంటమ్మా ఇది?"

"ఈ వార్డులో రోజూ జరిగేదేనండీ. ఇవాళ మీరు చూస్తానన్నారని చూపిస్తున్నా." ఆమే నొక్కింది. లిఫ్టు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. వెళ్ళింది. హెడ్ నర్సుకి ముందు అర్థమైంది. ముందుకొచ్చి మోచేత్తో నొక్కి, రెండడుగులు పక్కకి వెళ్ళింది. తర్వాత మందుల నర్సు వచ్చి నొక్కింది. నేల తుడిచేవాడు కర్ర చివరతో నొక్కాడు. అతనికి విషయమేమిటో తెలియదు, మళ్ళీ నొక్కొచ్చు కాబోలనుకున్నాడు.

"ఇది పద్ధతి కాదు, సిస్టంని కావాలని..." అన్నాడు మేనేజరు.

"మనం ఏమీ ముట్టుకోలేదు సార్. బటనే నొక్కుతున్నాం."

లిఫ్టు వస్తూనే ఉంది, తెరుచుకుంటూనే ఉంది. ఒక్కోసారికీ కొంచెం ఆలస్యం. సూపరింటెండెంటు వాచీ చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. తలుపు మీది అంకె రెండు దగ్గర ఆగింది. కిందికి పోయింది. పైకి, ఆరుకి పోయింది. నాలుగు దాటేటప్పుడు ఆగలేదు. రెండో లిఫ్టు కూడా అంతే, తలుపు సందులోంచి వెలుగు గీతలా పైనుంచి కిందికి జారిపోయింది.

"రాదేం?" అన్నాడాయన.

ఆయన బటన్ నొక్కాడు. అది వెలుగుతూనే ఉంది. అయినా మళ్ళీ నొక్కాడు. ఆయన జేబులో ఫోను మోగింది. థియేటరు నుంచి. "వస్తున్నా, వస్తున్నా. లిఫ్టు దగ్గరే ఉన్నా," అన్నాడు. అంకె ఒకటి దగ్గర నిలిచిపోయింది. "పేషెంటుకి మత్తిచ్చేశారా? సరే, వస్తున్నా అన్నానుగా!" ఫోను జేబులో వేసుకుని, ఇంకో రెండుసార్లు, ఈసారి గట్టిగా, బొటనవేలితో నొక్కాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత వెనక్కి తిరిగి మెట్లు దిగసాగాడు.

చెప్పుల చప్పుడు గబగబా సగం దూరం వెళ్ళింది. అక్కడ ఆగింది. పైన నిలబడ్డవాళ్ళకి ఆయన తల మాత్రమే కనిపిస్తోంది, కమ్మీ పట్టుకున్న చెయ్యీ.

"హెడ్ నర్సు గారూ," అన్నాడు, పైకి చూడకుండానే. "ఆ రోజు ఆపరేషను వాయిదా పడ్డ పెద్దాయన్ని ఎవరు దింపుతున్నారు ఇవాళ?"

"ఇంకా ఎవరినీ అనుకోలేదండీ."

"ఆవిణ్ణే దింపమనండి. కాంట్రాక్టరు వస్తే వేరే మనిషి అక్కర్లేదని చెప్పండి." ఒక మెట్టు దిగి, మళ్ళీ ఆగాడు. "మేనేజరు గారూ, ఆ అప్పగింత సంతకం తర్వాత చూద్దాం. ముందు ఈ అమ్మాయి ఏం మార్చాలంటే అది మార్చనివ్వండి."

చెప్పుల చప్పుడు మళ్ళీ మొదలై, కిందికి దిగి వినబడకుండా పోయింది.

ఆయా గుమ్మంలోంచి కదిలింది. ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. నేరుగా వార్డులోకి నడిచి, "లేవండి పెద్దాయనా, ఈసారి నిద్రపోకండి, నాకు సాక్ష్యం కావాలి," అనడం బయటికి వినిపించింది. బండి చక్రాలు కిర్రుమన్నాయి.

అప్పుడొచ్చింది లిఫ్టు. తలుపులు బార్లా తెరుచుకుని, ఎవరూ ఎక్కక మూసుకోబోయాయి. ఇంజనీరు వెళ్ళి తలుపుకి అడ్డంగా కాలు పెట్టింది. తలుపు ఆమె పాదానికి తగిలి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చి తగిలింది. కీచుమని బజరు మొదలైంది.

"తియ్యి కాలు! చెవులు పోతున్నాయి!" అన్నాడు మేనేజరు.

ఆమె తియ్యలేదు. వార్డు మలుపులో బండి ముందు చక్రం కనిపించింది, ఆ తర్వాత పెద్దాయన పాదాలు, ఆ వెనక బండి మీద రెండు చేతులూ ఆన్చి, తన మామూలు నడకతో, తొందరేమీ లేకుండా వస్తున్న ఆయా. బజరు అరుస్తూనే ఉంది.